చెయ్యెత్తిన మనిషి, నిండిన బస్సు

తత్వశాస్త్రం చదువుకున్నవారికి ఒక ట్రాము డ్రైవరు బాగా తెలుసు. ఆయనకు పేరు లేదు, ఊరు లేదు, ఇల్లాలూ పిల్లలూ లేరు. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే ఆంగ్ల తత్వవేత్త తన వ్యాసం ఒకదానిలో ఆయనను పుట్టించింది. ట్రాము అదుపు తప్పి పరుగెడుతున్నది. ఎదుట పట్టాల మీద ఐదుగురు పనివాళ్ళు ఉన్నారు. పక్కకు చీలిన పట్టాల మీద ఒక్కడే ఉన్నాడు. డ్రైవరు ట్రామును ఆపలేడు, మళ్ళించగలడు, అంతే. మళ్ళిస్తే ఒక్కడు చనిపోతాడు, మళ్ళించకపోతే ఐదుగురు చనిపోతారు. ఆయన ఏమి చేయాలి?

పాఠకులారా, మీరు వెంటనే "మళ్ళించాలి" అని ఉంటారు. చాలామంది అలాగే అంటారు. అయితే ఆవిడ అక్కడితో వదలలేదు. ఒక మనిషిని చంపి, అతని దేహం నుండి మందు తీసి, ఐదుగురు రోగులను బ్రతికించవచ్చు అనుకోండి. అలా చేయవచ్చునా? లెక్క ఇక్కడా అదే, ఒకటికి ఐదు. కాని మన మనస్సు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదు అన్నదే ఆవిడ అసలు ప్రశ్న.

శ్రీసభ సంప్రదాయంలో దీనికి పాత జవాబు ఒకటి ఉంది. పదమూడవ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను గూర్చి వ్రాస్తూ, ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చునని, అందులో ఒకటి మనిషి కోరినది, మరొకటి కోరకుండా వచ్చినది కావచ్చునని చెప్పాడు. తరువాతి వేదాంత పండితులు దీన్నే ద్వంద్వ ఫల సూత్రంగా పెంచారు. ఫుట్ దేవుణ్ణి నమ్మని మనిషి. అయినా ఆ సూత్రాన్ని ఎగతాళి చేయలేదు. శ్రద్ధగా చదివి, ఇది ఒక్కటే చాలదని చెప్పి, తన జవాబు తాను ఇచ్చింది. (నమ్మనివారు మన పండితులను ఇంత ఓపికగా చదువుతున్నారు, మనం వారిని చదవము. ఆ సంగతి మరొకసారి మాట్లాడుకుందాం.)

ఆవిడ జవాబు ఇది. ఎవరికీ హాని చేయకుండా ఉండడం ఒక బాధ్యత. అవసరంలో ఉన్నవారికి సాయపడడం ఇంకొక బాధ్యత. రెండూ ఎదురుపడితే సాధారణంగా మొదటిదే బరువైనది. ట్రాము డ్రైవరుకు ఎటు చూసినా హాని చేయకూడదన్న బాధ్యతే ఉంది, కనుక తక్కువ హాని జరిగే వైపు త్రిప్పవచ్చు. మందు తీసేవాడి సంగతి వేరు. ఐదుగురికి సాయం చేయాలంటే ఒకరికి హాని చేయాలి, కనుక చేయరాదు.

తరువాత ఒక విచిత్రం జరిగింది. ఈ కథను ఎందరో తిరగరాశారు. 1985లో అమెరికాకు చెందిన జూడిత్ జార్విస్ థామ్సన్ దానిని మార్చి, పట్టాల పక్కన స్విచ్చి దగ్గర నిలబడ్డ దారిన పోయే మనిషిని ముందుకు తెచ్చింది. అప్పటినుండి పండితుల వాదమంతా ఆ మనిషి చుట్టూ తిరిగింది. డ్రైవరు నెమ్మదిగా కనుమరుగయ్యాడు. ప్రశ్న మాత్రం ఆయన పేరు మీదనే మిగిలింది.

ఆయనను వెనక్కి పిలవాలని నాకు అనిపిస్తుంది. అయితే మన కరీంనగర్ జిల్లాలో ట్రాము పట్టా ఎవరూ చూడలేదు. మన తెలుగువారు ట్రాము ఎక్కింది ఎక్కువగా మద్రాసులో. అక్కడ 1895 నుండి 1953 వరకు కరెంటు ట్రాములు నడిచాయి. మన ప్రాంతానికి వచ్చింది బస్సే. అయినా అది కూడా రైలు ఇంటి బిడ్డే సుమా! 1932లో నిజాం స్టేట్ రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరుపడిన ఆర్టీసీ అది. కనుక ఆ పేరులేని ట్రాము డ్రైవరును తీసుకువచ్చి చొప్పదండి మీదుగా పోయే పల్లెవెలుగు బస్సులో కూర్చోబెడదాం.

సాయంకాలం ఆరు దాటింది. కరీంనగర్ నుండి బయలుదేరిన బస్సు. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళి వస్తున్న ముసలివారు, బీడీలు అప్పజెప్పి వస్తున్న ఆడవారు, చిట్టి సంచితో ఒక మేస్త్రీ, యూరియా బస్తాతో ఒక రైతు. సీట్లు ఎప్పుడో నిండాయి. నడుమ జాగా నిండింది. ఇంజను బానెట్టు మీద నలుగురు కూర్చున్నారు. ఫుట్‌బోర్డు మీద కుర్రవాళ్ళు వేలాడుతున్నారు. రోడ్డు పక్కన ఒక స్టేజి వచ్చింది. చంకలో బిడ్డతో ఒక తల్లి చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకో పదిమంది ఉన్నారు. దీని తరువాత బస్సు ఎప్పుడో ఆమెకూ తెలుసు, డ్రైవరుకూ తెలుసు.

ఆపాలా? ఆపకూడదా?

ఇందులో పట్టా చీలిక లేదు, ఐదుగురూ ఒకరూ లేరు. ఎవరూ చనిపోవడం లేదు. కనుక పండితులు దీన్ని ప్రశ్నగా లెక్కపెట్టరు. కాని ఆ ట్రాము డ్రైవరుకు పుస్తకంలో జీవితంలో ఒక్కసారి వచ్చిన నిర్ణయం ఈయనకు ఒక ట్రిప్పులో ఇరవైసార్లు వస్తుంది. అదీ కొన్ని సెకన్లలో. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఆమె ముఖం కనిపించి, ఆమె ఎవరో, బిడ్డకు జ్వరమో కాదో ఆలోచించే లోపలే స్టేజి దాటిపోతుంది.

ఫుట్ చెప్పిన తూకం ఇక్కడ పెట్టి చూడండి. బస్సులో ఉన్నవారికి డ్రైవరు హాని చేయకూడదు. బయట నిలబడ్డ తల్లికి సాయపడాలి. మొదటిదే బరువైనది. అంటే బండి మోయగలిగినంత దాటిపోయినప్పుడు, ఆపకుండా వెళ్ళిపోయిన డ్రైవరు తప్పు చేయలేదు. ఈ మాట చదవడానికి కఠినంగా ఉంటుంది. రోడ్డు మీద నిలబడి, దుమ్ములో, ఎర్రలైటు దూరమైపోతుంటే చూసినవారికి ఇంకా కఠినంగా ఉంటుంది. అయినా నేను అదే అంటాను. "కనికరం లేనోడు" అని మనం తిట్టే ఆ డ్రైవరు, ఎన్నోసార్లు, తన వెనక ఉన్నవారి పట్ల కనికరంతోనే ముందుకు పోయి ఉంటాడు.

అట్లాగని డ్రైవర్లందరినీ నేను వెనకేసుకు రావడం లేదు. బస్సు సగం ఖాళీగా ఉన్నా స్టేజికి వంద గజాల దూరం పోయి ఆపి, ముసలమ్మ పరుగెత్తుకుంటూ వస్తుంటే మళ్ళీ కదిలించే వారున్నారు. టైము పోతుందనో, డీజిలు పోతుందనో చెయ్యెత్తినవారిని చూడనట్లు నటించేవారున్నారు. అది హానికీ సాయానికీ మధ్య చిక్కుకోవడం కాదు, ఉట్టి బద్ధకం. రెండింటికీ తేడా డ్రైవరు అంతరాత్మకు తెలుస్తుంది. రోడ్డు మీద ఉన్న మనకు తెలియదు. అక్కడే ఆయన ఒంటరివాడు.

ఇప్పుడు బస్సు ఆగిందనుకుందాం. బయట ఉన్న మనం ఏమంటాం? "అన్నా, జర ఎక్కనీయే అన్నా, పిల్లగాడున్నడు." పాదం మెట్టు మీద పడిందో లేదో, "జర లోపలికి జరుగుండ్రి" అంటాం. వీపు లోపలికి ఆనుకున్న మరుక్షణం మన గొంతు మారుతుంది. తరువాతి స్టేజిలో ఇంకొక తల్లి చెయ్యెత్తితే, "ఏడ జాగ ఉన్నది? పోనీయ్, పోనీయ్! రైట్ రైట్!" అని అరిచేది మనమే. అయిదు నిమిషాల క్రితం కనికరం కావాలన్న మనిషీ ఇతడే, ఇప్పుడు భద్రత కావాలన్న మనిషీ ఇతడే. ఈ రెండు గొంతులనూ ఒకే మనిషి, రోజూ, ముందుకు చూస్తూ, వీపుతో వినాలి.

కాగా, నిండిన బస్సు అంటే ఇబ్బంది మాత్రమే అని మనం అనుకుంటాము. డ్రైవరుకు అది వేరే బండి. 50 మంది అదనంగా ఎక్కితే సుమారు మూడు టన్నుల బరువు పెరిగినట్లు. అదే బ్రేకు, అదే రోడ్డు, కాని ఆపడానికి ఎక్కువ దూరం కావాలి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవారు ఎడమ అద్దాన్ని కప్పేస్తారు, సైకిలు మీద వచ్చేవాడు కనబడడు. మలుపులో బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. పల్లంలో దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గుతుంది. అందుకే అనుభవమున్నవారు దిగుడు రోడ్డులో చిన్న గేరులోనే దిగుతారు. ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు. ఇది ఏ తత్వశాస్త్ర గ్రంథంలోనూ లేదు. కాని చిన్న గేరులో దిగాలన్న నిర్ణయం పల్లం మొదలుకాకముందే చేయాలి, వేగం అందుకున్నాక చేద్దామంటే కుదరదు.

ఇక్కడ మన ప్రాంతపు గాయాన్ని తలుచుకోక తప్పదు. కొండగట్టు చొప్పదండి శాసనసభ నియోజకవర్గంలోనిదే. 2018 సెప్టెంబరు 11, మంగళవారం, ఆంజనేయస్వామి గుడికి వచ్చేవారి రద్దీ రోజు. శనివారంపేట నుండి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాటు రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఆడవారే ఎక్కువ, చిన్నపిల్లలూ ఉన్నారు. డ్రైవరూ చనిపోయాడు. సీట్లకు రెట్టింపు మంది అందులో ఉన్నారు.

ఆనాడు పత్రికల్లో, టీవీల్లో అడిగిన ప్రశ్నల్లో ఎన్నో చివరి మలుపు గురించే. బ్రేకు పడలేదా? స్టీరింగు తిప్పాడా? వేగం ఎంత? అవి విచారణ చేసేవారు అడగవలసిన ప్రశ్నలే, కాదనను. కాని చివరి మలుపు దగ్గర డ్రైవరు చేతిలో మిగిలింది ఏముంది? పుస్తకంలోని ట్రాము డ్రైవరుకు కనీసం రెండు దారులున్నాయి. ఈయనకు అదీ లేదు.

నన్ను కలతపెట్టే సంగతి వేరొకటి. ఆ బస్సులోకి నూరుమందిని ఎవరూ ఒక్కసారిగా తోయలేదు. ఒక్కొక్క ఊరి దగ్గర ఒక్కొక్కరు ఎక్కారు. ఆసుపత్రికని, బ్యాంకుకని, చుట్టాల ఇంటికని ఎవరి పని వారిది. ప్రతిచోట బస్సు ఆగడం ఒక మంచిపనే. ఆ ఒక్క స్టేజి వద్ద నిలబడి చూస్తే, "వీళ్ళను వదిలి పోవలసింది" అని ఎవరు అనగలరు? ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ దయగల పనులు. అన్నీ కలిపితే బండి మోయలేనంత బరువు. మన నీతి పాఠాలన్నీ ఒక పనిని విడిగా పెట్టి, అది మంచిదా చెడ్డదా అని అడుగుతాయి. పాపసంకీర్తనంలో కూడా మనం ఒక్కొక్క పాపాన్ని లెక్కపెట్టి చెబుతాం. ఇట్లా పోగయ్యే కీడును ఎవరు ఒప్పుకోవాలి? అందులో ఏ ఒక్కటీ పాపం కాదు కదా!

కనుక ఫుట్ వేసిన బొమ్మలో నాకు లోటుగా తోచేది ఒకటుంది. పట్టాలు అక్కడ ముందే ఉన్నాయి. ఐదుగురు పనివాళ్ళు ముందే వాటి మీద ఉన్నారు. ట్రాము ముందే అదుపు తప్పింది. ఆ పట్టాలు ఎవరు వేశారు? మనుషులు పని చేస్తుండగా హెచ్చరిక జెండా ఎందుకు లేదు? బ్రేకును ఆ ఉదయం ఎవరు పరీక్షించారు? ఇవేవీ అడగకూడదని ఆ కథకు నియమం. ఒక సూక్ష్మమైన సంగతిని తేల్చుకోవడానికి ఆవిడకు ఆ నియమం అవసరమే. బ్రతుకులోకి వచ్చాక కూడా మనం అదే నియమం పాటించడం మాత్రం అన్యాయం. ఒక దారిలో రెండు బస్సులు నడవవలసిన చోట ఒక్కటే నడిస్తే, ఆపాలా వద్దా అన్న చిక్కు డ్రైవరు తెచ్చుకున్నది కాదు. ఎక్కడో ఒక గదిలో, ఒక పట్టిక మీద, ఆదాయం రాని ట్రిప్పును కొట్టివేసినవారు ఆ చిక్కును తయారుచేసి ఆయన ఒడిలో పెట్టారు. వారు ఆ తల్లి ముఖం చూడరు. చూసేది ఆయనొక్కడే.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రద్దీ అప్పటినుండి ఇంకా పెరిగింది. దీన్ని ఎగతాళి చేసే మగవారిని నేను చాలామందిని విన్నాను, నాకది నచ్చదు. బీడీలు చుట్టి బ్రతికే మనిషికి బస్సు కిరాయి మిగలడం చిన్న సంగతి కాదు. కాని ఎక్కే మనుషులు పెరిగినంతగా బండ్లూ, వాటిని నడిపే చేతులూ పెరగకపోతే, ఆ మంచిపని భారం కూడా అదే సీటు మీద పడుతుంది.

ఆ సీటులో ఉన్నది కూడా దేహమే. తెల్లవారుజామున మొదటి బస్సు తీయాలంటే రాత్రి ఊరిలోనే బస చేసి, బస్సులోనే సీట్ల మీద నడుము వాల్చేవారున్నారు. వేసవిలో బయట ఎండ, కాళ్ళ దగ్గర ఇంజను సెగ. మూత్రానికి కూడా బస్టాండు వచ్చేవరకు ఆగాలి. కొన్ని సర్వీసుల్లో టికెట్లు కొట్టేదీ డ్రైవరే. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని వ్రాసింది. డబుల్ డ్యూటీ చేసి వచ్చిన డ్రైవరును అడిగితే ఆ చట్టం ఎంత దూరంలో ఉండేదో చెబుతాడు. నిద్ర చాలని మనిషిని సీటులో కూర్చోబెట్టి, ఆ తరువాత ఆయన జాగ్రత్తను గూర్చి ప్రసంగాలు చేయడం నాకు వేషధారణలా కనిపిస్తుంది.

మరి ఆయన కాదనవచ్చు కదా, అంటారు మీరు. బ్రేకు బాగాలేదు, నేను తీయను అనవచ్చు. నిద్ర లేదు, ఈ డ్యూటీ చేయను అనవచ్చు. నిజమే, అనాలి కూడా. "పై వారు చెప్పారు, నేను చేశాను" అన్న సాకు శ్రీసభ ఏనాడూ పూర్తిగా అంగీకరించలేదు. చేసే పని చెడ్డదని అంతరాత్మకు తెలిశాక ఆజ్ఞ దాన్ని మంచిది చేయదు. కాని ఒక్కడుగా కాదన్న మనిషికి ఎదురయ్యేది ఏమిటో కూడా చూడాలి. ఆ రోజు ట్రిప్పు రద్దవుతుంది. స్టేజీలలో నిలబడ్డవారు తిట్టేది ఆయననే. పై వారు అడిగేదీ ఆయననే. ఇంట్లో ఫీజు కట్టవలసిన పిల్లలు ఉంటారు. అందరూ కలిసి కాదంటే దానిని సమ్మె అంటాం. 2019 అక్టోబరు 5 నుండి నవంబరు 25 వరకు, 52 రోజులు, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు అలా కాదన్నారు. ఆ 52 రోజులూ చెయ్యెత్తిన ఎందరికో బస్సు ఆగలేదు. వారిలో పరీక్షకు పోయే పిల్లలూ ఉన్నారు, రోగులూ ఉన్నారు. ఆ సమ్మె సరైనదా కాదా అన్నదానిపై మన విచారణల్లోనే వాదాలు జరిగాయి. అందులోకి నేను ఇప్పుడు వెళ్ళను. కాని "మీకు బాధ్యత లేదా?" అని వారిని అడిగినవారిలో ఎంతమంది, అంతకు ముందు సంవత్సరం కొండగట్టు తరువాత, వారి డ్యూటీ గంటలను గూర్చి ఒక్క ప్రశ్న వేశారు?

బాధ్యత అనే మాటను మనం స్టీరింగుకు కట్టేశాము. ఎవరి చేతిలో స్టీరింగు ఉంటే బాధ్యత వారిదని. తన తమ్ముడు ఎక్కడని దేవుడు అడిగినప్పుడు కయీను ఎదురు ప్రశ్న వేసి తప్పించుకోజూశాడు. నిండిన బస్సులో మనమందరం అదే ఎదురు ప్రశ్న వేస్తున్నాం. నేను టికెట్టు కొన్నాను, నాకేం సంబంధం? కాని మెట్టు మీద వేలాడి అద్దం కప్పేది నేను. నడుమ జాగా ఉన్నా దర్వాజ దగ్గరే నిలబడేది నేను. "ఎంత మెల్లగ పోతున్నవే, కాస్త తొక్కరాదు" అని బానెట్టు పక్కన కూర్చుని డ్రైవరును ఎగదోసేది నేను. ఆయన ఫోనులో మాట్లాడుతుంటే చూసి కూడా, మనకెందుకులే అని ఊరుకునేది నేను.

అప్పుడప్పుడు ఒక డ్రైవరు ఇంజను బంద్ చేస్తాడు. "ఇంత మందితోటి బండి పోదు. పదిమంది దిగితెనే తీస్త" అని చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆయన చేయగల అతి ధైర్యమైన పని అదే. మీరు ఎప్పుడైనా అలాంటి బస్సులో ఉంటే, ఆ తరువాతి ఐదు నిమిషాలు గమనించండి. మొదట అందరూ ఆయనను తిడతారు. తరువాత ఒకరినొకరు చూసుకుంటారు. "చివరికి ఎక్కినోళ్ళు దిగుండ్రి" అని ఎవరో అంటారు. చివరికి ఎక్కింది ఎవరంటే, బిడ్డను ఎత్తుకున్న ఆ తల్లి. సీటు దొరికినవారు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉంటారు. ముందుగా దిగేది, చాలాసార్లు, ఫుట్‌బోర్డు మీద ఉన్న కాలేజీ కుర్రవాళ్ళే. అప్పటిదాకా అందరూ అల్లరివాళ్ళని అంటున్న వాళ్ళు. ఇద్దరో ముగ్గురో నవ్వుకుంటూ దిగి, బ్యాగులు భుజాన వేసుకుని, చీకట్లో వచ్చే బండి కోసం రోడ్డు వైపు తిరుగుతారు. డ్రైవరు ఇంకా ఇంజను స్టార్టు చేయడు. ఇంకా ఏడుగురు దిగాలి.